చూసిందే రాయండి!

పిల్లలూ! మీ సైన్సు రికార్డు పుస్తకం ఒకసారి తెరవండి. పక్కన కూర్చునే నేస్తం రికార్డు కూడా అడిగి తీసుకోండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, "పరిశీలన" అని వున్నచోట ఏం రాశారో చదవండి. ఒకే మాటలున్నాయా? కామాలతో సహా ఒకటేనా? అయితే మీ ఇద్దరిలో ప్రయోగాన్ని చూసి రాసింది ఎవరు? పక్కవాడి పుస్తకం చూసి రాసింది ఎవరు?

కోపం తెచ్చుకోకండి. ఈ తప్పు నేనూ చేసినవాణ్ణే. ముందుగా నా కథే చెబుతాను. తరువాత ఎర్రటి స్ఫటికాల కథ ఒకటి, పిల్లి కథ ఒకటి చెబుతాను. మూడూ విన్నాక నా అభిప్రాయం సరైనదో కాదో మీరే తేల్చండి. నా అభిప్రాయం ఇది: సైన్సులో కారణం తెలియకపోవడం తప్పు కాదు. కంటికి కనబడినదాన్ని కనబడినట్టు రాయకపోవడమే తప్పు.

ముద్ద ఎక్కడుందోయ్?

నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదివేటప్పుడు ప్రాక్టికల్ పరీక్షలో ఒక లవణం ఇచ్చారు. అందులో ఏ లోహం వుందో కనిపెట్టాలి. లవణం నీటిలో కరిగితే అందులోని లోహం అయాన్లుగా విడిపోయి తిరుగుతుంది. అయాన్ అంటే విద్యుదావేశం వున్న కణం. లోహాల అయాన్లకు సాధారణంగా ధనావేశం వుంటుంది. విడి అయాన్లు కంటికి కనిపించవు గదా! అందుకని వాటితో కలిసి రంగు చూపే మరో పదార్థాన్ని వేసి పట్టుకుంటాం. దొంగను పట్టడానికి జాగిలాన్ని వదిలినట్టన్నమాట.

నాకిచ్చిన లవణం లేత ఆకుపచ్చగా వుంది. "ఆకుపచ్చదైతే నికెలే" అని పై క్లాసు అన్న ఒకరు అంతకుముందు రోజే చెప్పారు. నికెల్‌ను పట్టే జాగిలం పేరు డైమిథైల్ గ్లయాక్సైమ్. దాన్ని వేసి, కాస్త అమ్మోనియా కలిపితే గులాబి ఎరుపు రంగులో ముద్దలాంటి అవక్షేపం రావాలి. నేనూ వేశాను. ద్రావణం చక్కగా ఎర్రబడింది! సంతోషంతో వెంటనే రాసేశాను: "గులాబి ఎరుపు అవక్షేపం ఏర్పడింది. కనుక నికెల్."

మాస్టారు వచ్చి చదివారు. పరీక్షనాళికను వెలుతురుకు ఎత్తి చూశారు.

"ముద్ద ఎక్కడుందోయ్?" అన్నారు.

"దిగుతుంది సార్" అన్నాను.

"సరే, దిగేదాకా చూద్దాం" అని నాళికను స్టాండులో పెట్టి వెళ్ళిపోయారు. అరగంటైనా ముద్ద దిగలేదు. ఎర్రటి ద్రావణం ఎర్రటి ద్రావణంగానే వుంది. అప్పుడాయన నా లవణాన్నే మరికాస్త నీటిలో కరిగించి, పొటాషియం ఫెర్రిసైనైడ్ చుక్కలు రెండు వేశారు. ముదురు నీలం! నాకిచ్చింది ఇనుము లవణం.

"ఎరుపు రాలేదని నేననడం లేదు. వచ్చింది. ముద్ద మాత్రం రాలేదు. 'ఎర్రబడింది, కాని అవక్షేపం లేదు' అని వున్నదున్నట్టు రాసి వుంటే, లోహం పేరు తప్పు చెప్పినా నీకు సగం మార్కులు వేసేవాణ్ణి" అన్నారాయన.

ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. అసలు సంగతి కొన్నేళ్ళకు అర్థమైంది. నికెల్ అయాన్ చుట్టూ రెండు డైమిథైల్ గ్లయాక్సైమ్ అణువులు చేరి, నాలుగు నత్రజని పరమాణువులతో దాన్ని నాలుగు వైపులా పట్టుకుంటాయి. అలా ఏర్పడిన అణువు పళ్ళెంలా చదునుగా వుంటుంది. పళ్ళేలు ఒకదానిమీద ఒకటి దొంతరగా పేరుకుంటాయి. అదే మనకు కనిపించే ముద్ద. ఇనుమునూ ఆ అణువులు అలాగే పట్టుకుంటాయి. అయితే ఇనుముకు పైనొకటి, కిందొకటి అమ్మోనియా అణువులు కూడా అతుక్కుంటాయి. పళ్ళేనికి పైనా కిందా బొడిపెలుంటే దొంతర ఎలా నిలుస్తుంది? అందుకే అది నీటిలోనే కరిగి వుండిపోతుంది. చూశారా! "అవక్షేపం లేదు" అనే చిన్న మాటలో ఇంత విషయం దాగివుంది. నేను ఆ మాటను మింగేశాను.

చుగాయెవ్ ఎర్ర స్ఫటికాలు

ఇంతకీ నికెల్‌ను పట్టే ఆ పరీక్షను కనిపెట్టింది ఎవరు? లెవ్ చుగాయెవ్ అనే రష్యన్ రసాయన శాస్త్రజ్ఞుడు. అది 1905వ సంవత్సరం. ఇప్పటికీ ప్రపంచంలో ఎన్నో కళాశాలల్లో విద్యార్థులు అదే పరీక్ష చేస్తున్నారు.

చుగాయెవ్‌కు లోహాలను చుట్టుకునే అణువులంటే ఎంతో ఆసక్తి. మధ్యలో లోహం, చుట్టూ దాన్ని పట్టుకున్న ఇతర అణువులు వుండే పదార్థాలను సంశ్లిష్టాలంటారు. నికెల్ ముద్ద కూడా ఒక సంశ్లిష్టమే. 1915లో చుగాయెవ్, ఆయన సహచరులు ఒక ప్లాటినం లవణానికి మిథైల్ ఐసోసయనైడ్, హైడ్రజీన్ అనే పదార్థాలను కలిపారు. ఎర్రటి స్ఫటికాలు వచ్చాయి. వాటికి ఆమ్లం కలిపి చూస్తే పసుపు పదార్థం వచ్చింది.

ఆ ఎర్ర స్ఫటికాల లోపల పరమాణువులు ఎలా అమరివున్నాయి? ప్లాటినం పరమాణువుల మధ్య హైడ్రజీన్ వంతెనలా వుందని చుగాయెవ్ ఊహించాడు. అది తప్పు! కాని ఆ తప్పుకు ఆయన్ని నిందించలేం. సరైన సమాధానానికి కావలసిన భావనే అప్పటికి పుట్టలేదు. అయితే ఏమేమి కలిపాడో, ఏ రంగు వచ్చిందో, ఆమ్లం వేస్తే ఏమైందో అన్నీ జరిగినవి జరిగినట్టు రాసి ప్రచురించాడు. 1922లో టైఫాయిడ్ జ్వరంతో ఆయన చనిపోయాడు. తన స్ఫటికాల అసలు రహస్యం ఆయనకు ఎప్పటికీ తెలియలేదు.

రెండు చేతులు ఖాళీగా వున్న కర్బనం

ఆ రహస్యం ఏమిటో చూద్దాం. కర్బన పరమాణువుకు నాలుగు చేతులని మీరు చదువుకున్నారు. మామూలుగా ఆ నాలుగింటితోనూ అది ఇతర పరమాణువులను పట్టుకుంటుంది. అలా కాక, రెండు చేతులకే పని వుండి, మిగిలిన రెండు ఎలక్ట్రాన్లు ఖాళీగా మిగిలిపోతే? అలాంటి కర్బనం వున్న అణువునే కార్బీన్ అంటారు. అది ఒకచోట కుదురుగా వుండలేదు. ఎదురుపడిన అణువునల్లా పట్టుకుని క్షణంలో మారిపోతుంది. అందుకే చాలాకాలం దాన్ని సీసాలో పెట్టి చూపించడం ఎవరికీ సాధ్యపడలేదు.

కాని పక్కన తగిన లోహం వుంటే ఈ తొందరపాటు అణువు బుద్ధిగా కూర్చుంటుంది. లోహం దాని ఖాళీ ఎలక్ట్రాన్లను పంచుకుంటుంది. అలా ఏర్పడినవే లోహ కార్బీన్ సంశ్లిష్టాలు. 1964లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఎర్నెస్ట్ ఒట్టో ఫిషర్, ఆయన సహచరుడు మాస్‌బోల్ టంగ్‌స్టన్ లోహంతో ఇలాంటి సంశ్లిష్టాన్ని తయారుచేసి, దాని నిర్మాణం ఏమిటో తెలిసే ప్రకటించారు. 1968లో బెర్లిన్‌లో వాంజ్‌లిక్ పాదరసంతోనూ, మ్యూనిక్‌లో ఓఫెలె క్రోమియంతోనూ మరో రకం కార్బీన్ సంశ్లిష్టాలు చేశారు. 1991లో అమెరికాలో ఆర్డ్యూయెంగో లోహం తోడు లేకుండానే నిలకడగా వుండే కార్బీన్ స్ఫటికాలను తయారుచేశాడు. లోహ కార్బీన్ల సాయంతో కర్బన అణువులను విడదీసి కొత్తగా కలిపే పద్ధతికి 2005లో షోవాన్, గ్రబ్స్, ష్రాక్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక చుగాయెవ్ స్ఫటికాల సంగతి. 1970లో రసాయన శాస్త్రజ్ఞులు పాత పత్రాలను తిరగేసి, ఆయన రాసిన పద్ధతిని మళ్ళీ పరిశీలించారు. అప్పుడు బయటపడింది నిజం. చుగాయెవ్ చేసింది కార్బీన్ సంశ్లిష్టమే! ఫిషర్ కంటే 49 ఏళ్ళ ముందే అది ఆయన గాజుపాత్రలో తయారైంది.

ఇప్పుడొక ప్రశ్న. చుగాయెవ్ తన ఊహకు సరిపోయేట్టుగా పరిశీలనను కాస్త "దిద్ది" రాసి వుంటే ఏమయ్యేది? ఊహ ఎలాగూ తప్పింది. పరిశీలన కూడా చెడిపోయేది. 1970లో వెనక్కి తిరిగి చూసినవారికి ఏమీ దొరికేది కాదు. ఊహ 55 ఏళ్ళకు రద్దయింది. పరిశీలన మాత్రం నిలిచింది.

పాదరసాన్ని పట్టిచ్చే దీపం

"ఈ కార్బీన్లతో మనకేం పని?" అంటారేమో. పని వుంది. కార్బీన్‌కు కొన్ని లోహాలంటే మహా ఇష్టం. వెండి, బంగారం, పాదరసం దొరికితే గట్టిగా పట్టుకుంటుంది. వాంజ్‌లిక్ 1968లో చేసింది పాదరసం సంశ్లిష్టమే గదా! ఈ గుణాన్ని ఉపయోగించి నీటిలోని లోహ అయాన్లను కనిపెట్టే అణువులను ఇప్పుడు పరిశోధకులు తయారుచేస్తున్నారు.

అలాంటి అణువులో ఒక కొసన పట్టుకునే చెయ్యి, మరో కొసన చిన్న దీపం వుంటాయనుకోండి. దీపమంటే అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు నీలంగానో ఆకుపచ్చగానో మెరిసే భాగం. చెయ్యి ఖాళీగా వున్నప్పుడు దీపం ఒకలా వెలుగుతుంది. లోహ అయాన్ వచ్చి చేతిలో కూర్చుంటే అణువులో ఎలక్ట్రాన్ల అమరిక మారుతుంది. దాంతో దీపం మసకబారుతుంది, లేదా రంగు మారుతుంది. ఆ మార్పే మనకు సంకేతం.

ఇంత సున్నితమైన సంకేతం ఎందుకు? మన దేశపు ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో పాదరసం 0.001 మిల్లీగ్రాము మించకూడదు. అంటే గ్రాములో పది లక్షలవ వంతు! రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అంత కొద్ది పదార్థాన్ని నేడు ఖరీదైన యంత్రాలతో కొలుస్తున్నారు. చిన్న కాగితం ముక్కో, ఒక చుక్క ద్రావణమో ఆ పని చేయగలిగితే పల్లెటూరి బావి దగ్గరే పరీక్ష అయిపోతుంది గదా! అయితే ఇక్కడ ఒక చిక్కుంది. పాదరసాన్ని పట్టే చెయ్యి వెండిని కూడా పట్టవచ్చు. అప్పుడు దీపం మారినంత మాత్రాన "పాదరసమే" అని రాసేస్తే? నా ఇనుమూ నికెలూ కథ మళ్ళీ మొదటికొస్తుంది! ఎంత గొప్ప అణువైనా సంకేతమే ఇస్తుంది. ఆ సంకేతాన్ని వున్నదున్నట్టు రాయవలసింది మనిషే.

400వ నంబరు పిల్లి

రాయకపోతే ఏమవుతుంది? మార్కులు పోతాయి, అంతేనా? కాదు. ప్రాణాలు పోతాయి.

జపాన్‌లో మినమాటా అని ఒక సముద్రతీర పట్టణం వుంది. అక్కడి రసాయనాల ఫ్యాక్టరీ తన వ్యర్థజలాన్ని సముద్రంలోకి వదిలేది. 1950ల్లో అక్కడి జాలర్ల కుటుంబాల్లో వింత జబ్బు మొదలైంది. కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కడం, మాట తడబడటం, చూపు కుంచించుకుపోవడం, చివరకు మరణం. చేపలు తిన్న పిల్లులు గింగిరాలు తిరిగి చచ్చిపోయేవి. ఆ ఫ్యాక్టరీ ఆసుపత్రికే పెద్ద డాక్టరైన హజిమె హొసొకావా 1956 మే 1న ఈ జబ్బు సంగతి ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయానికి తెలియజేశాడు.

ఆయన అంతటితో ఆగలేదు. 1959లో ఫ్యాక్టరీ వ్యర్థజలాన్నే ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టి చూశాడు. ప్రయోగాల్లో దాని సంఖ్య 400. ఆ అక్టోబరులో దానికీ అదే జబ్బు వచ్చింది. జబ్బుకు మూలం ఎక్కడుందో ఆ ఒక్క పిల్లి చెప్పేసింది! కాని ఫ్యాక్టరీ యాజమాన్యం ఆ ఫలితాన్ని బయటకు రానివ్వలేదు. ఆ ప్రయోగాలను కొనసాగనివ్వలేదు. జబ్బుకు కారణమైన మిథైల్ పాదరసం 1968 దాకా సముద్రంలోకి వెళుతూనే వుంది. ఆ ఏడే జపాన్ ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా ఒప్పుకుంది. 1970లో హొసొకావా జబ్బుపడి మంచం మీద వుండగా, కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలంలో 400వ నంబరు పిల్లి సంగతి చెప్పాడు. అదే సంవత్సరం ఆయన కన్నుమూశాడు. 1973లో కోర్టు బాధితుల పక్షాన తీర్పు చెప్పింది.

చుగాయెవ్ స్ఫటికాల రహస్యం, హొసొకావా పిల్లి రహస్యం రెండూ 1970లోనే బయటపడ్డాయి. కాని రెండింటికీ ఎంత తేడా! ఒకాయన తనకు అర్థం కానిదాన్ని కూడా అందరికీ కనబడేట్టు రాసిపెట్టాడు. దానివల్ల తరువాతివాళ్ళకు మేలు జరిగింది. రెండోచోట అందరికీ అర్థమయ్యేదాన్ని కూడా మూసిపెట్టారు. దానివల్ల తొమ్మిదేళ్ళపాటు సముద్రంలో విషం కలుస్తూ పోయింది.

మరి మార్కుల మాటేమిటి?

"మీరు చెప్పడం బాగానే వుంది. రికార్డులో 'రంగు రాలేదు' అని రాస్తే మా సారు మళ్ళీ రాయమంటారు, మార్కులు పోతాయి" అని మీలో చాలామంది అనుకుంటున్నారని నాకు తెలుసు. ఆ మాటలో నిజముంది. అందుకే ఉపాధ్యాయులకూ ఒక మనవి. ప్రయోగం కుదరలేదని నిజం రాసిన పిల్లవాడికి, కుదిరిందని అబద్ధం రాసినవాడికంటే ఒక మార్కు ఎక్కువ వేయండి. "ఎందుకు కుదరలేదంటావు?" అని ఒక్క ప్రశ్న అడగండి. రసాయనం పాతదై వుండవచ్చు. నాళిక సరిగా కడగకపోయి వుండవచ్చు. ఆ ప్రశ్న దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది.

"అయితే కారణాలు నేర్చుకోనక్కరలేదా?" అని ఇంకొకరు అడగవచ్చు. తప్పకుండా నేర్చుకోవాలి. నికెల్ ముద్ద ఎందుకు దిగుతుందో, ఇనుము ఎందుకు దిగదో తెలియకపోతే చూసింది చూసినట్టే మిగిలిపోతుంది. నేననేది ఒక్కటే. ముందు చూపు, తరువాత వివరణ. ఈ వరుస తప్పకూడదు. పుస్తకంలోని వివరణ కోసం కళ్ళు మూసుకోకూడదు.

ఇక మీకొక పని. పాలు, చక్కెర కలపని టీ డికాక్షన్‌ను చల్లార్చి రెండు గాజు గ్లాసుల్లో పోయండి. ఒక దానిలో తుప్పుపట్టిన మేకులు నాలుగు వేయండి. రెండోది వూరికే వుంచండి. రాత్రంతా వుంచి ఉదయం చూడండి. తాగకండి సుమా! టీలోని టానిన్లు ఇనుము అయాన్లతో కలిసి నల్లబడతాయి. మన కలంకారీ పనివారు కరక్కాయ రసంలో తడిపిన గుడ్డమీద ఇనుము, బెల్లం నానిన నీటితో నల్లటి గీతలు గీసేది ఈ కిటుకుతోనే. ఇదిగో, అప్పుడే నేను జవాబు చెప్పేశాను! అయినా నా మాట నమ్మకండి. మీ గ్లాసులో ఏం జరిగిందో మీరే చూడండి. నల్లగా మారిందా, ముదురు గోధుమ రంగేనా, అసలు మారలేదా? తేదీ వేసి, ఎన్ని గంటలకు చూశారో రాసి, కనబడింది కనబడినట్టు రాయండి. అర్థం కానిది కనిపిస్తే దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టండి. కొట్టివేయకండి.

ఆ ప్రశ్నార్థకానికి జవాబు రేపు మీరే చెప్పవచ్చు. లేదా యాభై ఏళ్ళ తరువాత మీ పుస్తకం తెరిచే మరో విద్యార్థి చెప్పవచ్చు. ఆ విద్యార్థికి మీరు నిజం మిగల్చాలి గదా!